జర్మనీలో ఔపేర్‌గా, అంటే ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లలను చూసుకోవడానికి వెళ్తే జీతం ఎంత వస్తుంది?

జీతం ఉండదు, నెలకు 280 యూరోల పాకెట్ మనీ వస్తుంది, సొంత గది, భోజనం, ఆరోగ్య బీమా ఖర్చు ఆ కుటుంబమే పెట్టుకుంటుంది.

కారణం ఏమిటంటే, పిల్లలున్న ఇంట్లో ఉంటూ వాళ్లను చూసుకునే ఈ ఏర్పాటును జర్మనీ ఉద్యోగంగా కాక, భాషా సంస్కృతులు నేర్చుకునే అవకాశంగా చూస్తుంది. అందుకే కనీస వేతనం వర్తించదు. బదులుగా పనికి గట్టి హద్దు పెట్టారు: రోజుకు 6 గంటలు, వారానికి 30 గంటలు మించకూడదు. జర్మన్ క్లాసుల కోసం కుటుంబం నెలకు 70 యూరోలు ఇవ్వాలి.

ఉదాహరణకు, పొద్దున పిల్లలకు టిఫిన్ డబ్బా సర్ది కిండర్‌గార్టెన్‌లో దింపడానికి 2 గంటలు, సాయంత్రం తీసుకొచ్చి ఆడించడానికి 3 గంటలు. ఐదు రోజులకు 25 అయ్యాయి. శనివారం రాత్రి తల్లిదండ్రులు బయటికెళ్తే పిల్లల దగ్గర కూర్చున్న 4 గంటలూ లెక్కలోకే వస్తాయి, పిల్లలు నిద్రపోతున్నా సరే. ఇంకా మిగిలింది ఒక్క గంటే.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఇంట్లో మనిషే కాబట్టి ఏ పని చెప్పినా చేయాలనుకుంటారు. తేలికపాటి ఇంటిపని చేయాలి, నిజమే. ఇల్లంతా కడగడం, మంచాన పడ్డ పెద్దలకు సేవ చేయడం మాత్రం ఔపేర్ పని కాదు. మొహమాటపడకుండా ఒప్పందం చూపించి చెప్పండి.

గడువు గరిష్ఠంగా 12 నెలలు; రెండోసారి ఔపేర్‌గా వెళ్లనివ్వరు.