మెరీనా తీరంలో ఎంజీఆర్, జయలలితలను ఎందుకు ఖననం చేశారు?

హిందూ కుటుంబాల్లో పుట్టినవారిని దహనం చేయకుండా పూడ్చిపెట్టడమేమిటని చెన్నై వచ్చే తెలుగువారు తరచూ అడుగుతారు. దీనికి మూలం ద్రావిడ ఉద్యమం. ఆ ఉద్యమ నాయకుడు పెరియార్ హేతువాదం వైదిక కర్మకాండను తిరస్కరించింది. 1973లో మరణించిన ఆయనను కూడా చెన్నైలోనే ఖననం చేశారు. అంతకు ముందే, 1969 ఫిబ్రవరి 3న కన్నుమూసిన ఆయన శిష్యుడు, నాటి ముఖ్యమంత్రి అన్నాదురైకి మెరీనాలో సమాధి కట్టారు. 1987లో ఎంజీఆర్‌కూ అక్కడే చోటిచ్చారు. అయ్యంగార్ కుటుంబంలో పుట్టి, దైవభక్తురాలిగా జీవించిన జయలలితను సైతం 2016లో చందనపు పేటికలో ఉంచి ఆయన పక్కనే ఖననం చేశారు. ఇక్కడ కులాచారం కంటే నాయకుడి పక్కన చోటే పెద్దదైంది. 2018లో కరుణానిధికి మెరీనాలో స్థలం కోసం హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది.

నెల్లూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మను అక్కడికి తీసుకెళ్లాను. సమాధి లోపల ఎంజీఆర్ చేతి గడియారం ఇంకా కొట్టుకుంటోందని జనం నమ్ముతారు. ఆమె కూడా రాతికి చెవి ఆనించి చాలాసేపు విన్నది. అన్నా సమాధి మీది తమిళ వాక్యాన్ని నేనే చదివి అర్థం చెప్పాను: “దేన్నైనా భరించే హృదయం ఇక్కడ నిద్రిస్తోంది.” పెద్దమ్మ చెప్పులు విడిచి నమస్కరించింది.