టెక్నాలజీ పాలసీలు కాగితాలకేనా? రొయ్యల గుంట గట్టు మీద నుంచి నా జవాబు

"జాతీయ టెక్నాలజీ విధానాలు మన ఆర్థికాభివృద్ధికి నిజంగా పనికొచ్చాయా, లేక ఢిల్లీలో అచ్చేసి బీరువాలో పెట్టుకునే పుస్తకాలేనా?" అని అడిగారు. ఈ మాట ఎత్తగానే అందరూ హైటెక్ సిటీ దగ్గర మొదలుపెట్టి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ దగ్గర ఆపుతారు. నాకు ఆ రెండూ తెలియవు. మాది నెల్లూరు జిల్లా, విడవలూరు మండలంలో సముద్రం వైపు ఊరు. నాయన కాలం నుంచి రొయ్యల గుంటల మీదే మా బతుకు. అందుకని రొయ్య వైపు నుంచే చెప్తాను. పనికొచ్చాయి. కాకపోతే పాలసీ అని అట్ట మీద రాసి ఉన్నవి కాదు పనికొచ్చింది.

90ల మొదట్లో మా దగ్గర వేసింది టైగర్ రొయ్య. వరి సరిగ్గా పండని ఉప్పు నేలలకి ఒక్కసారిగా రేట్లు వచ్చాయి. నెల్లూరుని రొయ్యల రాజధాని అనేవాళ్లు. పూరిళ్లు పోయి మేడలు లేచాయి, సైకిల్ తొక్కినవాడు బుల్లెట్ ఎక్కాడు. ఇదంతా దేని మీద నిలబడిందో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు. హేచరీల్లో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాల్లో, పిల్ల కావాలంటే తల్లి రొయ్య కావాలి. ఆ తల్లిని సముద్రంలో బోట్ల వాళ్లు పట్టుకురావాలి. గుడ్లతో ఉన్న తల్లి దొరికితే వేలల్లో పాట పాడేవాళ్లు. దాని ఒంట్లో ఏ రోగం ఉందో పాడినవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

1994-95లో తెల్లమచ్చ రోగం తూర్పు తీరాన్ని ఊడ్చేసింది. మా గుంటకి అది వచ్చిన సంగతి మాకంటే ముందు కొంగలకి తెలిసింది. తెల్లారకముందే గట్టు పొడుగునా బారులు తీరి నిలబడి ఉన్నాయి. టైగర్ పగటిపూట అడుగున బురదని అంటిపెట్టుకుని ఉంటుంది, గట్టు వారకి వచ్చి తేలదు. ఆ రోజు తేలింది, అదీ ఎర్రబడి. నాయన పంచె ఎగ్గట్టి దిగి ఒకదాన్ని చేత్తోనే పట్టాడు. పట్టినా అది ఎగరలేదు. తల మీది పెంకు తీసి వెలుతురుకి పెట్టి చూస్తే లోపలి వైపు ఉప్పు రవ్వలు అంటుకున్నట్టు తెల్లటి చుక్కలు.

"పట్టేద్దాం, ఈ రాత్రికే," అన్నాడు నాయన.

"ఇంకో పది రోజులు ఆగు బావా, సైజు పెరిగి కౌంటు కడుతుంది. ఇప్పుడు పడితే మేత డబ్బులు కూడా రావు," అని మా మేనమామ. ఆ కల్చర్‌కి (అంటే ఆ పంటకి) డబ్బు పెట్టింది ఆయన. ఇద్దరూ గట్టు మీదే గొడవపడ్డారు. మధ్యాహ్నానికి ఒకాయన మద్రాసు నుంచి సీసాలతో దిగాడు, గుంటలో కలిపితే మచ్చలు పోతాయని. మామ కొన్నాడు. సాయంత్రానికి అడుగున చచ్చినవి కాళ్లకి తగులుతున్నాయి. ఇక రాత్రికి జనరేటర్ బల్బులు కట్టి వల లాగించారు. ఏజెంటు గట్టు మీద కుర్చీ వేసుకుని, తూకం కూడా సరిగ్గా చూడకుండా ఒక రేటు చెప్పాడు. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే మీరే వండుకోండి అన్నాడు. ఇలాంటి సమయంలో ఏజెంట్లు మాట్లాడే తీరు గురించి విడిగా ఒక పెద్ద జవాబు రాయొచ్చు, ఇప్పుడొద్దు.

అసలు ఘోరం ఆ తర్వాతిది. పట్టుబడి అయ్యాక గుంట నీళ్లు ఎక్కడికి పోవాలి? తూము పలకలు లాగితే బకింగ్‌హాం కాలువలోకి. మా పై గుంటల వాళ్లు అంతకుముందే అలా వదిలారు, మేమూ వదిలాం. కింది వాళ్లు అదే కాలువలో మోటారు పెట్టి, అవే నీళ్లు తోడుకుని గుంటలు నింపుకున్నారు. వైరస్‌ని మాకు మేమే వంతులవారీగా పంచుకున్నాం. ఒక ఆఫీసు నుంచి జీపులో ఇద్దరు వచ్చి చచ్చిన రొయ్యల్ని సీసాలో వేసుకుని వెళ్లారు, పరీక్ష చేయించి చెప్తామని. ఆ రిపోర్టు కోసం మా నాయన బతికున్నంత కాలం సరదాగా అడుగుతుండేవాడు: "ఏందిరా అబ్బయా, సీసా సంగతి ఏమన్నా తెలిసిందా?"

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఆ జీపు మా ఊరికి రావడానికి పదేళ్లకు పైగా ముందే, 1983 జనవరిలో, ఇందిరాగాంధీ ప్రభుత్వం టెక్నాలజీ పాలసీ స్టేట్‌మెంట్ ప్రకటించింది. దానికంటే ముందు 1958లో నెహ్రూ గారి సైంటిఫిక్ పాలసీ రిజల్యూషన్ ఉంది. 83 నాటి దాంట్లో స్వావలంబన, సొంత టెక్నాలజీ అన్నీ ఉన్నాయి. మంచి మాటలే, నేను కాదనను. ఆ మరుసటి ఏడాది, 1984లో, అమెరికా వ్యవసాయ శాఖ రొయ్యల పెంపకం పరిశోధన కార్యక్రమానికి డబ్బు పెట్టడం మొదలుపెట్టింది. హవాయిలో ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వనామీ రొయ్యని (ఇప్పుడు మా గుంటల్లో వేసేది ఇదే) తరతరాలుగా శుభ్రమైన నీళ్లలో పెంచి, పరీక్షలు చేసి, ఫలానా రోగాలు లేని తల్లుల్ని తయారుచేశారు. ఎస్‌పీఎఫ్ అంటే అదే. మా గుంటల వాళ్లలో సగం మంది ఇప్పటికీ ఎస్‌పీఎఫ్ పిల్లకి రోగం రాదనుకుంటారు. రాదని కాదు, తల్లి నుంచి తెచ్చుకోదని మాత్రమే. గుంటలోకి వచ్చాక దాని ఖర్మ, మన ఖర్మ.

అమెరికా వాడు పండించే రొయ్యలు ఎన్ని? లెక్కలోకి రావు. అయినా తల్లి వాడి చేతిలో ఉంది. టెక్నాలజీ పాలసీ అంటే నాకు తెలిసింది ఇదే. అట్ట మీద పేరు లేకపోయినా పర్లేదు.

మనవైపు ఏం జరిగింది? 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల చెరువులు తీసేయమని తీర్పు ఇచ్చింది, అంతా ఆగమాగం. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక మేం మళ్లీ చట్టం లోపలికి వచ్చాం. 2003లో కొత్త సైన్స్ అండ్ టెక్నాలజీ పాలసీ ఒకటి వచ్చిందట, అది మా ఊరి దాకా రాలేదు. అదే ఏడాది రెండు ప్రైవేటు కంపెనీలకు వనామీని ప్రయోగంగా పెంచడానికి అనుమతిచ్చారు. 2009లో అందరికీ తలుపు తెరిచారు. తెరిచి ఊరుకోకుండా ఒక మంచి పని చేశారు. బయటి నుంచి వచ్చే ప్రతి తల్లి రొయ్యా చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ కేంద్రంలో ఉండాలి, వైరస్ ఉందో లేదో పట్టే పీసీఆర్ పరీక్ష దాటాలి, అప్పుడే అనుమతి ఉన్న హేచరీకి పోవాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా కింద ఉండే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ సెంటర్ వాళ్లు దాన్ని నడుపుతారు. నన్ను అడిగితే, 1947 నుంచి మన దేశం రాసుకున్న టెక్నాలజీ పాలసీలన్నీ ఒక తక్కెడలో, నీలాంకరై షెడ్డు ఒక తక్కెడలో వేస్తే షెడ్డే మొగ్గుతుంది. ఎవరైనా వాదించదలిస్తే వచ్చి మా మండలం చూసి వాదించండి.

వనామీతో వచ్చిన మార్పు మీరు పేపర్లో చదివే ఎగుమతుల లెక్క ఒక్కటే కాదు. 2023-24లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 60,523 కోట్ల రూపాయలు, అందులో విలువ ప్రకారం మూడింట రెండు వంతులు రొయ్యే. సరే. ఊళ్లో దాని అర్థం ఏంటంటే, మైక్రోబయాలజీ చదివిన పిల్లోడు హైదరాబాద్ పోకుండా అల్లూరు రోడ్డులో వాటర్ ల్యాబ్ పెట్టుకున్నాడు. గుంట నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల మోటార్లు చుట్టేవాడికి పెళ్లిళ్ల సీజన్‌లో కూడా తీరిక లేదు. ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసే పనికి ఆడవాళ్లు బస్సుల్లో పోతారు. ఐసు, మేత లారీలు, వల లాగే బ్యాచ్‌లు, అందరికీ పనే.

ఇక నా ఏడుపు. వనామీని చదరపు మీటరుకి 60 పిల్లల దాకా వేసుకోవచ్చని రూలు. అంత చిక్కగా వేస్తే రాత్రంతా ఏరేటర్లు తిరగాల్సిందే, లేకపోతే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యల రైతుకి కరెంటు యూనిట్ రూపాయిన్నరకే అంటారు, ఆక్వా జోన్ అంటారు, పదెకరాల లోపు అంటారు. రేటు తర్వాత సంగతి, మూడు గంటలప్పుడు కరెంటు ఉండాలి కదా! ఇవతల కరెంటుకి దిక్కు లేదు, అవతల ఎవరో కుర్రాళ్లు వచ్చి గుంటలో సెన్సార్ పెట్టి ఫోన్‌లో గ్రాఫులు చూపిస్తామన్నారు. పెట్టారు. సెన్సార్ మీద పాచి పట్టింది, గ్రాఫు అడ్డం తిరిగింది, కుర్రాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. వీటన్నిటికీ ఇన్నోవేషన్ అని పేరు పెట్టి ప్రైజులు కూడా ఇస్తారు.

అంతకంటే పెద్ద ఏడుపు తల్లి రొయ్య. ఇప్పటికీ తల్లులు ప్రధానంగా విమానంలో బయటి నుంచే దిగుతున్నాయి. కొన్ని నెలలు గుడ్లు పెట్టించుకున్నాక పారేసి మళ్లీ తెప్పించుకోవాలి. ఆ ఖర్చు పడలేక కొన్ని హేచరీలు గుంటలో పెరిగిన వాటినే తల్లులుగా వాడేస్తాయి. ఆ చవక పిల్ల తెచ్చినవాడు, గుంటలో సగం చిన్నవి, సగం పెద్దవి చూసి నెత్తి కొట్టుకుంటాడు. దానికి తోడు ఈహెచ్‌పీ. అది రొయ్య ఒంట్లో చేరే పరాన్నజీవి. చంపదు, పెరగనివ్వదు, రొయ్య మేత మాత్రం తింటుంది.

మన శాస్త్రవేత్తలకి చేతకాదా అంటే అదేం కాదు. చెన్నైలో సీబా, అంటే ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద కేంద్ర పరిశోధన సంస్థ, 1987 నుంచి ఉంది. మన సముద్రపు తెల్ల రొయ్య, ఇండికస్ అంటారు, దాన్ని జన్యుపరంగా మెరుగుపరిచే పనికి 2022లో 25 కోట్లు ఇచ్చారు. అరవై వేల కోట్ల వ్యాపారానికి 25 కోట్లు! మా దగ్గర పెద్ద రైతు నాలుగు పంటల్లో తిప్పే డబ్బు అది. 2024 బడ్జెట్‌లో రొయ్య తల్లుల కోసం న్యూక్లియస్ బ్రీడింగ్ సెంటర్లు పెడతామన్నారు. 1983లో అనుకున్న స్వావలంబన ఇన్నాళ్లకి రొయ్య దాకా వచ్చిందన్నమాట.

ఇక్కడ ఒంగోలు గిత్త సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బ్రెజిల్ వాళ్లు మన ఒంగోలు జాతిని పట్టుకుపోయి, వంశావళి పుస్తకాలు రాసుకుని, పశువు పశువునీ తూచి ఎంచుకుంటూ పెంచారు. ఈ రోజు వాళ్ల దేశంలో ఎక్కువ భాగం పశువులు ఆ రక్తమే, పేరు కూడా నెలోర్ అని మా జిల్లాదే. వాళ్లు మన దగ్గర తీసుకుని సొంతం చేసుకున్నారు. మనం ఏడాదికేడాది బాడుగకి తెచ్చుకుంటున్నాం.

2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు మా గట్టు మీద రేటు మర్నాటికల్లా పడింది. కొనేదీ వాడే, తల్లినిచ్చేదీ ఎక్కువగా వాడి టెక్నాలజీయే. రెండు చివర్లూ ఒకడి చేతిలో పెట్టి మధ్యలో మనం కరెంటు బిల్లు కడుతున్నాం.

ఆ ఇండికస్ తెల్ల రొయ్య పిల్ల ఎప్పుడొస్తుందా అని ఒక ఎకరం గుంట ఖాళీగా ఉంచాను. పీసీఆర్ కాగితంతో పిల్ల ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చే కల్చర్‌కి వేస్తాను. రేటు మాత్రం వనామీ పిల్ల కంటే ఒక్క పైసా ఎక్కువైనా నాకొద్దు.