ఉపగ్రహం నుంచి వీధి దాకా ఎండ లెక్క

చిరంజీవికి,

‘నగరం మీద పడే ఎండను ఉపగ్రహం కొలుస్తుంది’ అన్న నీ వ్యాసం మొదటి వాక్యం కొట్టెయ్. అది ఆ ఎండను కొలవదు. మేఘాలూ నేలా పైకి తిప్పి పంపిన వెలుగే దానికి అందుతుంది. అందుకే ముందు మేఘం లేకపోతే ఎంత ఎండ కాయాలో లెక్కకడతారు. వాతావరణం పైన చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. అందులోంచి సూర్యుడి ఎత్తు, నీటి ఆవిరి, ఓజోన్, ధూళి తగ్గించేది తీసేస్తారు. తర్వాత ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు పడే పిక్సెల్ (చిత్రంలోని ఒక చిన్న గడి) మబ్బులేని రోజుల్లో కనిపించే దానికంటే ఇప్పుడెంత తెల్లగా ఉందో చూసి, ఆ మేరకు కోత వేస్తారు. ఉపగ్రహ చిత్రాల నుంచి ఎండను అంచనా కట్టే హీలియోశాట్ పద్ధతి సారం ఇదే.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో నువ్వు ఒక్క మాటా రాయలేదు. అసలు సరుకు అక్కడే ఉంది. మంచునూ, మెరిసే కప్పులనూ లెక్క మేఘమనుకోవచ్చు. ధూళికి నెలవారీ సగటు వాడితే, పొగ కమ్మిన రోజున నేరుగా పడే ఎండ ఎక్కువగా వస్తుంది. ఉపగ్రహం 45 డిగ్రీల వాలు నుంచి చూస్తే 10 కిలోమీటర్ల ఎత్తున్న మేఘం పటంలో 10 కిలోమీటర్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. అంటే నీడ ఒక పేటది, లెక్క ఇంకో పేటకి!

ఇక వీధి. పిక్సెల్ వెడల్పు సాధారణంగా కిలోమీటరు, అంతకు మించీ ఉంటుంది. దానికి గోడలు తెలియవు. కాబట్టి మొత్తం ఎండను నేరుగా వచ్చేది, ఆకాశమంతటి నుంచీ చెదిరి వచ్చేది అని విడదీయాలి. సూర్యుడి వైపు 20 మీటర్ల దూరంలో 20 మీటర్ల గోడ ఉంటే, సూర్యుడు 45 డిగ్రీల ఎత్తుకు కిందున్నంతసేపూ మొదటిది సున్నా. రెండోదాన్ని అక్కడికి కనిపించే ఆకాశభాగంతో గుణించాలి. గోడల నుంచి తిరిగొచ్చే వెలుగు కలపాలి. దీనికి మీటరు స్థాయి ఎత్తుల పటం కావాలి. 30 మీటర్లది వాడితే భవనాలు గుట్టల్లా చదునై నీడలు మాయమవుతాయి.

వాట్లనూ కిలోవాట్ గంటలనూ కలిపెయ్యకు: 500 వాట్లు 4 గంటలు పడితేనే 2 కిలోవాట్ గంటలు. లెక్కలో దోషం ఎంతో చెప్పేటప్పుడు అది గంట లెక్కకా, నెల లెక్కకా అన్నది తప్పక రాయి. నెల సగటులో ఎక్కువతక్కువలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అంకె అందంగా కనిపిస్తుంది. ఉదయం లెక్క ఎక్కువ, సాయంత్రం తక్కువ వస్తుంటే మేఘాలను తిట్టకముందు గడియారం చూడు. స్థానిక సమయం, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కలిసిపోయి ఉండొచ్చు. లేదా గంట సగటుకు ఆ గంట మొదలు రాశారో చివర రాశారో తేడా పడి ఉండొచ్చు. అదీ కాకపోతే, నేల మీద ఎండను కొలిచే పరికరం, పైరనోమీటరు, మట్టంగా ఉందో లేదో అడుగు.