నోటీసు ఇవ్వకుండా మానేశాను, రిలీవింగ్ లెటర్ ఇవ్వనంటున్నారు

ప్రశ్న: ఒక ప్రైవేటు కంపెనీలో అయిదేళ్ల ఏడు నెలలు పనిచేశాను. కొత్త మేనేజర్ వచ్చాక టార్గెట్ల టెన్షన్, అందరి ముందూ తిట్లు. నిద్ర కరువై ఆరోగ్యం దెబ్బతింది. ఓ రాత్రి 'రేపటి నుంచి రాను' అని రాజీనామా మెయిల్ పెట్టి మానేశాను. ఏడు నెలలైంది. 90 రోజుల నోటీసు ఇవ్వలేదు కాబట్టి మూడు నెలల జీతం కట్టమంటున్నారు. అప్పటిదాకా రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే పత్రం), గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకు ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం) ఏవీ ఇవ్వరట. ఇప్పుడు వేరే రంగంలో ఉద్యోగం వచ్చింది, వాళ్లు ఆ లెటర్ అడుగుతున్నారు. డబ్బిస్తే లెటర్ తయారుచేస్తామని ఒకరు చెబుతున్నారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మేనేజర్ మీద కేసు వేయవచ్చా?

జవాబు: మీ కోపమంతా మేనేజర్ మీదే ఉంది. ఆయన ఎలాంటి మనిషన్నది మీ సమస్యను తేల్చదు. తేల్చేది అపాయింట్‌మెంట్ లెటర్‌లోని నోటీసు క్లాజు. ఆ లెటర్ గురించి మీరు రాసింది ఒక్క ముక్క: 'ఎక్కడ పెట్టానో గుర్తులేదు'. అయిదేళ్లకు పైగా మీకు అన్నం పెట్టిన ఒప్పందం కాపీ దాచుకోకపోవడం చాలా నిర్లక్ష్యం. ముందు అది వెతకండి. దొరక్కపోతే హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

అందులో 'నోటీసు లేదా బదులుగా జీతం' అని ఉంటే మీరు బాకీ పడేది డబ్బు మాత్రమే. ఆ జీతం బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది కూడా అక్కడే ఉంటుంది. చాలామంది ఇది చూడకుండానే అడిగినంతా కట్టేస్తారు. 'బదులుగా జీతం' అన్న మాట లేకపోయినా, కోర్టు మిమ్మల్ని తిరిగి ఆ సీట్లో కూర్చోబెట్టదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. ఒప్పందంలో ఏదైనా మొత్తం రాసుకుని ఉంటే, 74వ సెక్షన్ ప్రకారం అదే దానికి గరిష్ఠ పరిమితి.

గ్రాట్యుటీ సంగతి వేరు. అయిదేళ్లు నిండాయి, పైన ఆరు నెలలు దాటాయి. కాబట్టి ఆరేళ్లకు లెక్క కట్టాలి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున. నోటీసు ఇవ్వలేదన్న కారణంతో దాన్ని ఆపడానికి చట్టం ఒప్పుకోదు. పీఎఫ్ జోలికి అసలే రాకూడదు.

మేనేజర్ మీద కేసు అంటారా? అప్పట్లో మీరు హెచ్‌ఆర్‌కు రాసిన ఫిర్యాదు, డాక్టర్ చీటీలు, సెలవు దరఖాస్తులు ఏమున్నాయి? ఆ రోజుల్లో కాగితం మీద పెట్టినదానికి ఉన్న బరువు ఇప్పుడు చెప్పే మాటకు ఉండదు. అవి ఉంటే నోటీసు డబ్బు తగ్గించమని వాదించడానికి పనికొస్తాయి. వాట్సాప్ సందేశాలు ఉన్న ఫోన్ మార్చకండి, ఏదీ చెరపకండి. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి.

ఇక ఆ తయారుచేసిన లెటర్. దాని వైపు వెళ్లకండి. దొంగ పత్రం తయారుచేసినా, నిజమైనదిగా వాడినా నేరమే. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద, మోసం కోసమైతే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కొత్త కంపెనీ పాత కంపెనీకి ఒక మెయిల్ పెడితే చాలు, బండారం బయటపడుతుంది. ఇవాళ డబ్బుతో తీరే తగాదాను క్రిమినల్ కేసుగా మార్చుకున్నవాళ్లవుతారు. పాత ఉద్యోగాన్నే చూపించకుండా దాచడమూ పనికిరాదు, మీ పీఎఫ్ ఖాతాలో సర్వీసు వివరాలు కనిపిస్తాయి.

కొత్త వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాజీనామా మెయిల్, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ సర్వీసు వివరాలు ఇచ్చి, నోటీసు డబ్బు విషయంలో వివాదం ఉందని రాసివ్వండి. ఇవి చూసి సర్దుకునే కంపెనీలున్నాయి. ఆఫీసు మెయిల్ ఇప్పుడు తెరుచుకోకపోతే, మీకొచ్చిన జవాబుల్లో ఆ రాజీనామా కింద ఉందేమో వెతకండి.

పాత కంపెనీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. క్లాజు ప్రకారం ఎంత బాకీయో లెక్క చూపి, అది కట్టడానికి సిద్ధమని చెప్పి, రిలీవింగ్ లెటర్, మిగిలిన జీతం, గ్రాట్యుటీ 15 రోజుల్లో ఇవ్వమని అడగండి. స్పందన లేకపోతే గ్రాట్యుటీకి, జీతానికి కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు వేయండి. జీతం బకాయికి గడువు సాధారణంగా మూడేళ్లు. మీకు ఏడు నెలలు అప్పుడే పోయాయి. హెచ్‌ఆర్‌తో ఫోన్లో మాట్లాడుతున్నానన్న ధీమా వద్దు, ఫోన్ మాటలతో గడువు పెరగదు. ఈ వారమే ఉత్తరం పంపి, పోస్టు రసీదు భద్రంగా పెట్టుకోండి.