ఆ నల్ల దూలాలు నిజమైనవేనా? లడ్లో ఫెదర్స్‌లో మా నాన్నతో ఒక రాత్రి

ఇంగ్లండ్‌లో నలుపు తెలుపు చారలతో కనబడే పాత హోటళ్లు నిజంగా నాలుగొందల ఏళ్లవా, లేక గోడకి చెక్క పలకలు అతికించి మనల్ని మభ్యపెడుతున్నారా అని కదా మీ ప్రశ్న. రెండు రకాలూ ఉన్నాయి. 1920, 30ల్లో నగర శివార్లలో కట్టిన ఇళ్లలో చాలావాటికి ఉన్నది అతికించిన పలకలే, లోపల మామూలు ఇటుక గోడే. అసలుది ఎలా ఉంటుందో చెప్పాలంటే నేను వేల్స్ సరిహద్దు దగ్గరున్న లడ్లో అనే ఊరి సంగతి చెప్పాలి.

మా నాన్న కోనసీమలో వడ్రంగి. నలభై ఏళ్లు ద్వారబంధాలూ వాసాలూ చేశాడు. కొన్నేళ్ల కిందట ఇక్కడికి వచ్చినప్పుడు లండన్ రెండు రోజుల్లోనే విసుగొచ్చి, "కర్రపని ఉన్న ఊరేదైనా చూపించరా" అన్నాడు. ష్రూస్‌బరీ నుంచి రైలెక్కితే అరగంటలో లడ్లో. అక్కడి ఫెదర్స్ హోటల్లో ఒక రాత్రి ఉన్నాం.

మూడంతస్తులు, పైన మూడు కోణాల కప్పులు. వజ్రం ఆకారపు గళ్లు, చెక్కిన మొహాలు, కిటికీల కింద నగిషీ, ఖాళీ అన్నది లేదు. నాన్న ఎదుటి పేవ్‌మెంట్ మీద చాలాసేపు నిలబడి, "ఇంత కర్ర బరువు మొయ్యడానికి అక్కర్లేదు. డబ్బున్నవాడని చెప్పుకోవడానికి పెట్టాడు" అన్నాడు. కరెక్టే. ఇది పుట్టుకతో పూటకూళ్లిల్లు కాదు. ఇల్లు రీస్ జోన్స్ అనే లాయరుది. 1619లో కట్టించాడు. ఆ రోజుల్లో వేల్స్, దాని సరిహద్దు జిల్లాల వ్యవహారాలు చూసే కౌన్సిల్ లడ్లో కోటలో ఉండేది. వ్యాజ్యాలన్నీ అక్కడికే. జిల్లా కోర్టున్న మన ఊళ్లలో ప్లీడర్ల మేడలు ఎలా లేచాయో ఇదీ అంతే. 1670 ప్రాంతంలో ఇల్లు సత్రమైంది, 1689లో కౌన్సిల్ రద్దయింది. సత్రం మాత్రం మిగిలింది. పేరు వేల్స్ యువరాజు చిహ్నమైన మూడు నిప్పుకోడి ఈకలది. ముందువైపు బాల్కనీ 19వ శతాబ్దంలో చేర్చారట. ఆ మాట చదవకముందే నాన్న "అది తరవాత తగిలించిందిరా, ఆ చేతివాటమే వేరు" అన్నాడు. మొదటి అంతస్తులో ఒక గది సీలింగు మీద సున్నపు నగిషీ, పొయ్యి మీద మొదటి జేమ్స్ రాజముద్ర ఉన్న చెక్కడం ఉన్నాయి. నాన్న పైకి చూడనే లేదు, దూలాల అతుకుల దగ్గరే ఉండిపోయాడు.

ఇంతకీ చెక్క ఎలా నిలిచింది? వీళ్లు ఆరబెట్టిన కర్ర వాడలేదు. ఓక్ చెట్టు కొట్టి పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఎందుకంటే ఆరిన ఓక్‌కి ఉలి దిగడం కష్టం. ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, రెండోదాని తొర్రలోకి దూర్చి, అడ్డంగా బెజ్జం వేసి ఆరిన ఓక్ సీల దిగ్గొడతారు. పచ్చి కర్ర ఆరుతూ కుంచించుకుని సీలని పట్టేస్తుంది. ఆ క్రమంలో మొత్తం చట్రం మెలికలు తిరుగుతుంది, అందుకే ఈ ఇళ్లలో నేల ఒక పక్కకి వాలి ఉంటుంది. మా గదిలోనూ అంతే. నాన్న మంచం కాలి కింద తన చెప్పు పెట్టి పడుకున్నాడు.

చట్రాన్ని ముందు వడ్రంగి తన పనిచోటే నేలమీద పరిచి, అతుకులు సరిచూసుకుని, ఒక్కోదానికి ఉలితో రోమన్ అంకెలు వేసేవాడు. తరవాత విప్పి, బండి మీద తెచ్చి, ఆ అంకెల ప్రకారం నిలబెట్టడమే. రోమన్ అంకెలే ఎందుకంటే అన్నీ తిన్నని గీతలు, ఉలితో సులువు.

చారల మధ్య తెల్లగా కనబడేది చూసి నాన్న నవ్వాడు. పూర్వం అక్కడ సన్నపు కొమ్మల తడిక అల్లి, బంకమట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తి, సున్నం కొట్టేవారు. మా పాత వంటింటి గోడా అదే. నలుపు మాత్రం మొదట్నుంచీ ఉన్నది కాదు. చాలా ఇళ్లలో కర్రని అలాగే వదిలేసేవారు, బూడిదరంగుకి తిరిగేది. తారు, నల్ల రంగు పూయడం ఎక్కువగా తరవాతి తరాల పని. "ముసలాయన జుట్టుకి రంగేసినట్టుంది" అన్నాడు నాన్న.

ఒక్కటి మాత్రం నిజంగా ప్రమాదం, సిమెంటు. పగుళ్లకి సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక లోపలే నిలిచి, కర్ర ఆ చోటే కుళ్లుతుంది. సున్నం అయితే తడిని పోనిస్తుంది. పాత ఇళ్ల మరమ్మతుకి ఇప్పటికీ సున్నమే వాడతారు.

దూలాలు ఓడల్నుంచి తీసినవని గైడ్లు ఎక్కడైనా చెబితే ఊరికే తలాడించండి. సముద్రానికి ఇంత దూరంలోని ఊరికి పక్క అడవిలో ఓక్ ఉండగా ఓడల కర్రతో పనేంటి?

వెళ్లే ముందు హోటల్ తెరిచి ఉందో లేదో కనుక్కోండి. మూసి ఉన్నా ముందుభాగం రోడ్డు మీంచే చూడొచ్చు. ఊళ్లో పాత ఇళ్లకి కొదవేం లేదు, రక్షిత కట్టడాలే దాదాపు 500 ఉన్నాయి. మీరు ఆరడుగులుంటే అలాంటి గదుల్లో తల జాగ్రత్త, నాకు రెండు సార్లు తగిలింది.