పౌలు పత్రికలు పదమూడా, పద్నాలుగా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా సంఘంలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) ఆఖరి రోజు పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టాం. "పౌలు రాసిన పత్రికలు (బైబిల్లోని ఉత్తరాలు) ఎన్ని?" అన్న ప్రశ్నకు ఏడో తరగతి పాప 13 అని రాసింది. నాకిచ్చిన జవాబుల కాగితంలో 14 అని ఉంది. తప్పు కొట్టాను. ఆ ఒక్క మార్కుతో మొదటి బహుమతి పాప చేజారింది. పద్నాలుగోదిగా లెక్కేసిన హెబ్రీ పత్రిక పౌలుది కానే కాదని వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. ముమ్మాటికీ పౌలుదే అంటున్నారు మా సంఘపెద్దలు. ఏది నిజం? పౌలు రాయకపోతే అది బైబిల్లో ఎందుకుంది?
- సండేస్కూల్ టీచర్, నరసాపురం

జవాబు: అమ్మా, ముందు ఆ పాపకు మార్కు వేసి, మొదటి బహుమతి ఇద్దరికీ ఇవ్వండి. తర్వాత మాట్లాడుకుందాం.

రోమా మొదలు ఫిలేమోను దాకా 13 పత్రికలూ పౌలు పేరుతోనే మొదలవుతాయి. (ఎఫెసీ, తిమోతి, తీతు పత్రికల మీదా పండితుల్లో వాదం ఉంది గానీ, పేరైతే ఉంది.) ప్రతి పత్రికలోనూ తన చేతిరాతే గుర్తని రెండో థెస్సలొనీక చివర కనిపిస్తుంది. హెబ్రీ పత్రికలో పేరూ లేదు, ఆ గుర్తూ లేదు. "పూర్వకాలమందు నానాసమయములలోను" అంటూ నేరుగా దేవుని దగ్గర మొదలవుతుంది.

పేరు లేనంత మాత్రాన నేను పౌలును పక్కన పెట్టను. సెమినరీలో గ్రీకు పాఠం చెప్పినన్నాళ్లూ విద్యార్థుల చేత మొదట చదివించింది 2వ అధ్యాయం 3వ వచనం. ఈ రక్షణను ప్రభువు మొదట బోధించాడనీ, విన్నవాళ్లు దాన్ని మనకు స్థిరపరిచారనీ అంటాడు ఈ రచయిత. అంటే తాను స్వయంగా వినలేదు, విన్నవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. మరి గలతీ 1:12లో పౌలు ఏమన్నాడు? తన సువార్త ఏ మనిషి నుంచీ రాలేదు, యేసుక్రీస్తే బయలుపరిచాడు అన్నాడు. దాని కోసం పేతురునైనా ముఖాముఖి ఎదిరించిన మనిషి, ఇక్కడికొచ్చేసరికి "విన్నవాళ్లు చెప్పారు" అంటాడా? నాకు నమ్మబుద్ధి కాదు.

మీ పెద్దలను మాత్రం తేలిగ్గా తీసెయ్యకండి, వాళ్ల వెనక పాత సాక్ష్యం ఉంది. క్రీ.శ. 200 ప్రాంతపు పపైరస్ పుస్తకం ఒకటి, పౌలు పత్రికలది, కొన్ని ఆకులు డబ్లిన్‌లో, కొన్ని మిషిగన్‌లో ఉన్నాయి. అందులో రోమా పత్రిక అవగానే హెబ్రీ పత్రికే వస్తుంది. హెబ్రీ భాషలో పౌలు రాస్తే లూకా గ్రీకులోకి మార్చాడన్నాడు తొలినాటి సంఘ బోధకుడు అలెగ్జాండ్రియా క్లెమెంట్. అతని తర్వాతి బోధకుడు ఓరిగెన్‌కు గ్రీకు బాగా తెలుసు, ఆ శైలి పౌలుది కాదని పట్టేశాడు. భావాలు అపొస్తలుడైన పౌలువే కావచ్చు గానీ, రాసిందెవరో దేవునికే తెలుసన్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ అయితే శీర్షికలోనే పౌలు పేరు అచ్చేసింది.

రోమ్ సంగతి చూడండి. ఈ పత్రికను ముందుగా వాడుకున్నది ఆ సంఘమే. సుమారు 96లో రోమ్ నుంచి కొరింథుకు వెళ్లిన క్లెమెంట్ లేఖలో (ఈయన వేరే క్లెమెంట్) దీని మాటలున్నాయి, రచయిత పేరు మాత్రం లేదు. పత్రిక చివర "ఇటలీవారు" వందనాలు చెబుతున్నారు కూడా. అంత దగ్గరి బంధం ఉన్న రోమ్, ఇది పౌలుదని ఒప్పుకోవడానికి నాలుగో శతాబ్దం దాకా వెనకాడింది. పౌలు ప్రాణం విడిచిన ఊరికి పౌలు పత్రిక తెలియకుండా పోతుందా? నాకు ఇదే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

397లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో కూడిన సంఘ సభ బైబిల్ పుస్తకాల జాబితాలో ఎలా రాసిందంటే: పౌలు పత్రికలు 13, ఆయనదే హెబ్రీయులకు ఒకటి. పద్నాలుగని ఒక్క మాటలో అనలేకపోయారు. మీ క్విజ్ గొడవ అక్కడే కనిపిస్తోంది.

ఇక బైబిల్లో ఎందుకుందంటారా? నాలుగు సువార్తల్లోనూ లోపల ఎక్కడా రాసినవాళ్ల పేరు లేదు, వాటిని మనం వదులుకున్నామా? హెబ్రీ 10వ అధ్యాయంలో ఆస్తులు కొల్లపోయినా సంతోషంగా సహించినవాళ్లు కనిపిస్తారు. అలాంటి విశ్వాసులను పట్టి నిలబెట్టిన పత్రిక ఇది. సంఘాలు చదువుతూ వచ్చాయి, చదివి నిలిచాయి.

ఎవరు రాసి ఉంటారని మీరు అడగలేదు గానీ చెబుతాను. సైప్రస్ లేవీయుడు బర్నబా అన్నాడు తొలినాటి సంఘ రచయిత టెర్టులియన్. అపొల్లో అన్నాడు మార్టిన్ లూథర్. నా మొగ్గు అపొల్లో వైపే. అలెగ్జాండ్రియావాడు, మంచి వక్త, లేఖనాల్లో ప్రవీణుడని అపొస్తలుల కార్యములు 18లో చదువుతాం. రుజువు లేదు కాబట్టి పిల్లలకు నేర్పకండి.

వచ్చే ఏడు ప్రశ్నను "పౌలు పేరుతో మొదలయ్యే పత్రికలు ఎన్ని?" అని మార్చండి.

ప్రశ్న: హెబ్రీ పత్రిక ప్రిస్కిల్ల రాసిందనీ, స్త్రీ అని పేరు దాచారనీ విన్నాను. నిజమా అయ్యగారూ?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: 1900లో జర్మన్ చరిత్రకారుడు హార్నాక్ అన్న మాట అది. ఆలోచించదగ్గదే. ఆమె రోమ్‌లో ఉంది, పౌలు తోటి పనివాళ్లలో ఒకతె, భర్త అకులతో కలిసి అపొల్లోకే విశదంగా బోధించింది. అడ్డం వచ్చేది 11:32. "నాకు సమయం చాలదు" అన్నచోట రచయిత తనను గురించి వాడిన గ్రీకు రూపం పుంలింగం. అది లేకపోతే నేనూ హార్నాక్ వైపు వెళ్లేవాణ్ణి. అపొల్లోయే రాసి ఉంటే మాత్రం, ఆమె దగ్గర నేర్చుకున్నది ఈ పత్రికలో ఉండే ఉంటుంది.