ఒక్కతే ఉందని కుస్తీ పోటీ నుంచి తీసేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది హిందూపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయికి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి, బరువు 42 కిలోలు. మూడేళ్ళుగా దగ్గర్లోని గరడి మనెలో (ఇక్కడ కుస్తీ నేర్పే చోటుని అలాగే అంటారు) అబ్బాయిలతో పాటే కుస్తీ నేర్చుకుంటోంది. మొన్న తాలూకా స్థాయి స్కూల్ పోటీలకి తీసుకెళ్ళాం. తూకం అయ్యాక, అమ్మాయిల 42 కిలోల్లో తనొక్కతే ఉందని చెప్పి ఎంట్రీ ఫారం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, ‘పోటీ లేదు’ అని రాసి చేతికిచ్చేశారు. జిల్లాకీ పేరు పంపలేదు. పోనీ అబ్బాయిలతో ఆడించండి అంటే ‘దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?’ అన్నారు. పాప జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉందని అక్కడున్న ఒకాయన, ‘అసలు అమ్మాయేనా, టెస్ట్ చేయించండి’ అన్నాడు. ఆ రాత్రి పాప అన్నం ముట్టలేదు. అబ్బాయిలతో పోటీపడే హక్కు కోసం కోర్టుకి వెళ్ళొచ్చా? — ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ ఎర్ర గీత కొట్టిన ఫారం ఎక్కడుందో వెతికి జాగ్రత్త చేయండి. కోపంలో చించేసి ఉండరనే అనుకుంటున్నాను. మీ చేతిలో ప్రస్తుతానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే.

కోర్టుకి వెళ్ళొచ్చు. కానీ ‘అబ్బాయిలతో ఆడనివ్వండి’ అని వెళ్తే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. ‘నా కూతుర్ని పోటీలోంచే తీసేశారు, అది తప్పు’ అని వెళ్తే మీ కేసుకి బలం ఉంటుంది. వినడానికి రెండూ ఒకేలా ఉన్నా, జడ్జి ముందు నిలబడ్డాక వాటి మధ్య తేడా చాలా ఉంటుంది.

రాజ్యాంగం 14వ అధికరణ అందరినీ ఒకే గాటన కట్టమని చెప్పలేదు. వేరు చేస్తే దానికి స్పష్టమైన ఆధారం ఉండాలి, ఆ ఆధారానికీ సాధించాలనుకున్న లక్ష్యానికీ సంబంధం ఉండాలి అన్నది 1952లో అన్వర్ అలీ సర్కార్ కేసు నాటి నుంచీ సుప్రీంకోర్టు చెబుతున్న మాట. 15వ అధికరణ ఆడ, మగ వివక్ష వద్దంటూనే, మూడో క్లాజులో స్త్రీలకీ పిల్లలకీ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చంది. కుస్తీలో అమ్మాయిల విభాగం అలాంటి ఏర్పాటే. పదేళ్ళ పిల్లల్లో అబ్బాయికీ అమ్మాయికీ బలంలో పెద్ద తేడా ఉండదు. పన్నెండు, పదమూడేళ్ళకి అమ్మాయిలే ముందు ఎదుగుతారు కాబట్టి ఒక్కోసారి వాళ్ళే పొడుగ్గా కనిపిస్తారు. మీ పాప గరడి మనెలో ఇవాళ అబ్బాయిల్ని పడేస్తోందంటే నేను నమ్ముతాను. కానీ ఆ తర్వాత రెండు మూడేళ్ళలో అబ్బాయిల భుజాలు, పట్టు ఎంత మారిపోతాయో మీ వస్తాదుని అడిగితే చెబుతాడు. వేరే విభాగం లేకపోతే పదహారేళ్ళు వచ్చేసరికి పతకాల పట్టికలో అమ్మాయి పేరు వెతుక్కోవాల్సి వస్తుంది. మహిళల కుస్తీ ఒలింపిక్స్‌లోకి 2004లో ఏథెన్స్‌లో వచ్చింది. 2016లో రియోలో సాక్షి మలిక్‌కి కాంస్యం దక్కిందంటే ఆ విభాగం ఉండబట్టే. అందుకని విభాగాలు ఉండటమే అన్యాయం అన్న వాదన జోలికి పోకండి. రేపు మీ పాపకే అది కావలసి వస్తుంది.

ఇంకో చిక్కు. అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య అండర్ 15 బరువుల పట్టిక చూస్తే అమ్మాయిలకి 39, 42, 46 కిలోలు ఉంటాయి. అబ్బాయిలకి 41, 44, 48. అంటే మీ పాప అటు వెళ్ళాలంటే 44 కిలోల వాళ్ళతో తలపడాలి. మీరు అడిగింది ఇస్తే కూడా పాపకి నష్టమే.

ఇక వాళ్ళు చేసిన తప్పు దగ్గరికి వద్దాం. విభాగం పెట్టడానికి కారణం అమ్మాయిలు ఆడాలని. అదే విభాగాన్ని చూపించి అమ్మాయిని ఇంటికి పంపిస్తే ఆ కారణం ఎక్కడికి పోయింది? తక్కువమంది వచ్చినప్పుడు రద్దు చేయడం కుస్తీ సంప్రదాయం కూడా కాదు. అంతర్జాతీయ నియమాల్లో ఒక బరువులో ఆరుగురి కన్నా తక్కువ ఉంటే నాకౌట్ పక్కనపెట్టి ఒక్కొక్కరూ మిగతా అందరితో తలపడే పద్ధతికి మారతారు. ఒక్కరే ఉన్నప్పుడు వాకోవర్ (ప్రత్యర్థి లేకుండానే గెలుపు) ఇచ్చి పేరు పైస్థాయికి పంపొచ్చు. లేదా తల్లిదండ్రుల అనుమతితో, డాక్టరు సరేనంటే, పక్క బరువు అమ్మాయితో సెలక్షన్ ట్రయల్ పెట్టొచ్చు. ఇంత దారి ఉండగా ఎర్ర పెన్ను తీయడం తేలిక పని అనిపించింది వాళ్ళకి.

మీకు బాగా పనికొచ్చే తీర్పు పక్క రాష్ట్రంలో ఉంది. కన్యాకుమారి జిల్లాకు చెందిన ఒక బధిర అథ్లెట్ 2021లో పోలండ్‌లో జరిగే ప్రపంచ పోటీలకి అర్హత సాధించింది. బృందంలో అమ్మాయి ఒక్కతే అవుతుందని పేరు తీసేశారు. మద్రాసు హైకోర్టు అది వివక్ష అని చెప్పి ఆమెని పంపమంది. ‘ఒక్కతే ఉంది’ అన్న కారణం మీ కేసులోనూ అచ్చంగా అదే. మద్రాసు తీర్పుకి కర్ణాటక హైకోర్టు కట్టుబడి ఉండనక్కర్లేదు, అయినా జడ్జిలు గౌరవంగా చదువుతారు. 2022లో కేరళ హైకోర్టు కూడా జూడోలో ఒక ట్రాన్స్‌జెండర్ యువతి విషయంలో, వేరే విభాగం ఏర్పాటు చేయలేకపోతే ఆమె కోరుకున్న విభాగంలో ఆడనివ్వాలంది. సందర్భం వేరు, సూత్రం మాత్రం మీకు పనికొస్తుంది. తమ దగ్గర విభాగం లేదన్న సాకుతో నిర్వాహకులు మనిషిని బయట పెట్టకూడదన్నది దాని సారం.

దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత అన్నారు కదా. ఈ మాట వింటే నాకు మా ఊరి తాలింఖానా, అదే కుస్తీ నేర్పే చోటు, గుర్తొస్తుంది. గోదా గట్టు మీద ఆడపిల్ల కూర్చుంటే ‘దెబ్బ తగులుద్ది, పో’ అని తరిమేవాళ్ళు. గట్టు మీద ఏం దెబ్బ తగులుతుందో ఎవరూ చెప్పలేదు. 2007లో అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు, మద్యం అమ్మే చోట ఆడవాళ్ళు పనిచేయకూడదన్న పాత నిబంధనని కొట్టేస్తూ, రక్షణ పేరుతో వాళ్ళ అవకాశాల్ని తగ్గించడాన్ని గట్టిగా తప్పుపట్టింది. బాధ్యత సంగతికొస్తే, ఆటలో సహజంగా తగిలే దెబ్బకి ఎవరూ బాధ్యులు కారు. చిరిగిన మ్యాట్ వేసినా, డాక్టరు లేకుండా నడిపినా నిర్వాహకులదే బాధ్యత. అబ్బాయిలకి తగిలినా అంతే, అమ్మాయిలకి తగిలినా అంతే. మీరు సంతకం పెట్టే ‘ఏం జరిగినా మాదే బాధ్యత’ అన్న కాగితం వాళ్ళ నిర్లక్ష్యాన్ని పూర్తిగా కడిగేయదు.

మీకు ఎదురయ్యే వాదన కూడా చెప్పాలి. రూలు ముందే అచ్చువేసి ఉంటే కోర్టులు దాన్ని తేలిగ్గా కదిలించవు. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 50 కిలోలకి 100 గ్రాములు ఎక్కువ తూగిందని ఫైనల్‌కి ముందు తీసేస్తే, క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు కూడా ఆమెకి పతకం ఇప్పించలేకపోయింది. అందుకే మీరు ముందుగా అడగాల్సింది, ‘ఒక్కరే ఉంటే రద్దు’ అన్న నియమం ఎక్కడుంది, ఎప్పుడు రాశారు, అబ్బాయిల బరువుల్లోనూ అలాగే చేశారా అని. అబ్బాయి ఒక్కడే మిగిలిన చోట వాకోవర్ ఇచ్చి జిల్లాకి పంపి ఉంటే మీ కేసు అక్కడే సగం గెలిచినట్టు.

ఎవరి మీద వేయాలన్నది తర్వాతి ప్రశ్న. పోటీ బ్యానర్ ఫోటో మీ ఫోన్‌లో ఉందా? విద్యాశాఖ పేరు ఉంటే నేరుగా హైకోర్టులో రిట్ (ప్రభుత్వం చేసిన తప్పుని సరిదిద్దమని అడిగే పిటిషన్) వేయొచ్చు. ఏదైనా సంఘం నడిపినా, రాష్ట్ర జట్టుని ఎంపిక చేసే పని దాని చేతిలో ఉంటే 226వ అధికరణ కింద హైకోర్టుకి వెళ్ళే వీలుంది. క్రికెట్ బోర్డు ‘ప్రభుత్వం’ కిందికి రాదన్న 2005 నాటి జీ టెలీఫిల్మ్స్ తీర్పు కూడా ఆ తలుపు మూయలేదు. ఏదో క్లబ్బు సరదాకి పెట్టిన ప్రైవేటు పోటీ అయితే మాత్రం ఫీజు వెనక్కి అడిగి వదిలేయండి, డబ్బూ టైమూ దండగ.

రేపే చేయాల్సిన పని చెబుతాను. పాప చదివే స్కూల్ ద్వారా ఒక ఉత్తరం బీఈఓకి (తాలూకా విద్యాధికారి), కాపీ డీడీపీఐకి (జిల్లా విద్యాశాఖ డిప్యూటీ డైరెక్టర్) ఇవ్వండి. కన్నడలో రాయిస్తే త్వరగా కదులుతుంది. కోర్టు గొడవలు ఏమీ రాయొద్దు. ఫలానా తేదీన తూకం సరిపోయింది, ప్రత్యర్థి లేదని తీసేశారు, రాతపూర్వకంగా కారణం ఇవ్వండి, జిల్లా పోటీకి పేరు పంపండి లేదా ట్రయల్ పెట్టండి. ఇంతే. రసీదు ముద్ర వేయించుకోండి. పక్కనే పది రూపాయల ఆర్టీఐ అర్జీలో ఆ నియమం కాపీ, మిగతా బరువుల్లో ఒక్కరే వచ్చిన చోట ఏం చేశారో వివరాలు అడగండి. దానికి జవాబు రావడానికి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. జిల్లా పోటీ తేదీ దగ్గర పడుతుంటే వారం ముందే లాయర్‌ని కలవాలి. కోర్టులు పోటీని ఆపవు, కానీ ‘ఈ అమ్మాయిని ఆడనివ్వండి, మిగతాది తర్వాత చూద్దాం’ అని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగలవు. పోటీ ముగిశాక వెళ్తే సానుభూతి తప్ప పెద్దగా దొరికేదేమీ ఉండదు. ఫీజు టెన్షన్ పెట్టుకోకండి. లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసి కనుక్కోండి.

చివరిగా ఆ ‘టెస్ట్’ పెద్దమనిషి. పక్కనున్న ఒకాయన అడిగాడని పిల్లని పరీక్షించే అధికారం తాలూకా పోటీలో ఎవరికీ లేదు. జనన ధ్రువపత్రం, స్కూల్ రికార్డు చాలు. అంతర్జాతీయ అథ్లెటిక్స్‌లో 2025 నుంచి జన్యు పరీక్ష తెచ్చారు నిజమే, అది ప్రపంచ స్థాయి పోటీలకి. ఆ స్థాయిలోనే ఇలాంటి లింగ పరీక్షలు ఎంత నొప్పి మిగిల్చాయో తమిళనాడు రన్నర్ శాంతి సౌందరరాజన్‌ని చూస్తే తెలుస్తుంది. 2006 దోహా ఏషియాడ్‌లో గెలిచిన రజతం ఆ పరీక్ష తర్వాత ఆమె చేతిలోంచి పోయింది. 2015లో రన్నర్ ద్యుతీ చంద్ అంతర్జాతీయ క్రీడా కోర్టుకి వెళ్ళి, మహిళా అథ్లెట్ల ఒంట్లో టెస్టోస్టిరాన్‌కి హద్దు పెట్టిన హార్మోన్ నియమాన్ని ఆపించగలిగింది. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు తర్వాత శరీరం మీద గోప్యత మన ప్రాథమిక హక్కు. మీ అనుమతి లేకుండా ఎవరైనా పాపని పక్క గదిలోకి తీసుకెళ్ళి చూస్తామంటే అక్కడే పోలీసులకి ఫోన్ చేయండి, చూసేవాళ్ళ ఉద్దేశాన్ని బట్టి అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) దాకా వెళ్ళే వ్యవహారం. మాటతో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు కేసు అక్కర్లేదు. బీఈఓకి రాసే ఉత్తరంలో ఒక్క వాక్యం రాస్తే చాలు, వచ్చేసారి నిర్వాహకులే ఆయన నోరు మూయిస్తారు.

ఆ ఫారం దొరికాక రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపండి. వెనకాల సంతకమో, సీలో ఉందేమో చూడాలి. సాధారణంగా తూకం వేసిన మనిషి వెనక వైపే బరువు రాసి సంతకం పెడతాడు.